శిక్షణ ఉంటేనే బీమాకు ధీమా

సరంగు చేతిలో ధ్రువపత్రం లేకుంటే పరిహారానికి చిక్కులు
విదేశాలలో శిక్షణ పొందినవారికి ప్రీమియంలో తగ్గింపు

కాకినాడ: వేటకు వెళ్లే బోటుకు బీమా చేయించిన యజమాని పాలసీ పత్రాన్ని బీరువాలో భద్రంగా దాచుకుంటాడు. ఆ బోటును నడిపే సరంగు ఎక్కడ శిక్షణ పొందాడు, అతని దగ్గర ఏ ధ్రువపత్రం ఉంది అన్న ప్రశ్న మాత్రం సాధారణంగా ప్రమాదం జరిగి, బీమా సంస్థ తరఫున సర్వేయరు వచ్చిన తర్వాతే తలెత్తుతుంది. పరిహారం చేతికి అందేదీ లేనిదీ కొన్ని సందర్భాలలో ఈ రెండో కాగితమే తేలుస్తుంది. ఈ సంగతి తీర గ్రామాలలో తగినంత ప్రచారానికి నోచుకోలేదు.

అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో ఈ రెండు కాగితాలనూ చాలాకాలం క్రితమే ముడివేశారు. అక్కడ సొంత పడవ ఉన్నవారు గుర్తింపు పొందిన భద్రతా తరగతులు పూర్తిచేసి ధ్రువపత్రం చూపితే పలు బీమా సంస్థలు ప్రీమియంలో కొంత తగ్గిస్తాయి. తగ్గింపు సంస్థను బట్టి, పడవను బట్టి మారుతుంది. ఉదాహరణకు ప్రీమియం 1,000 డాలర్లు, తగ్గింపు 10 శాతం అనుకుంటే యజమానికి ఏటా 100 డాలర్లు మిగులుతాయి. అమెరికాలో బోట్‌యూఎస్ ఫౌండేషన్ అనే సంస్థ అనేక రాష్ట్రాలవారికి ఈ తరగతులను ఇంటర్నెట్‌లో ఉచితంగానే అందిస్తోంది. అంటే నేర్చుకున్నందుకు ఖర్చు లేకపోగా ఎదురు లాభం. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడి, సరస్సులలో తిరిగేందుకు పడవ కొనుక్కున్న తెలుగువారికీ ఇదే వర్తిస్తుంది.

బ్రిటన్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడి సముద్ర జలాలలో సరదాకు పడవ నడిపేవారికి లైసెన్సు ఉండాలన్న నిబంధనే లేదు. అయినా 1875లో ఏర్పడిన రాయల్ యాటింగ్ అసోసియేషన్ నిర్వహించే ‘డే స్కిప్పర్’, ‘పవర్‌బోట్ లెవెల్ 2’ వంటి తరగతులకు ఆదరణ తగ్గదు. చట్టం అడగని ధ్రువపత్రాన్ని బీమా సంస్థ అడుగుతుంది. ఉన్నవారికి ప్రీమియం తగ్గిస్తుంది. ఆదరణకు ఇదొక్కటే కారణం కాకపోయినా ఇదీ ఒక కారణమే.

తగ్గింపు వెనుక లెక్క

బీమా సంస్థలు ఉదారబుద్ధితో ఈ తగ్గింపు ఇస్తున్నాయని భావిస్తే పొరపాటే. దీని వెనుక ఉన్నది ప్రమాదాల లెక్క. అమెరికా తీర రక్షక దళం వెల్లడించిన వివరాల ప్రకారం 2023లో ఆ దేశంలో విహార పడవల ప్రమాదాలలో 564 మంది మరణించారు. నడిపిన వ్యక్తి శిక్షణ వివరాలు తెలిసిన మరణాలలో 75 శాతం, భద్రతా శిక్షణ పొందనివారు నడిపిన పడవలలోనే సంభవించాయి. నీట మునిగి చనిపోయినవారిలో లైఫ్ జాకెట్ వివరాలు తెలిసినంతవరకు చూస్తే 87 శాతం మంది దానిని ధరించలేదు. ఇటువంటి అంకెలు చేతిలో ఉన్న సంస్థ శిక్షణ పొందినవాడికీ, పొందనివాడికీ ఒకే ప్రీమియం ఎందుకు విధిస్తుంది?

మన దగ్గర మోటారు వాహనాల బీమాలో ఇటువంటి పద్ధతి ఒకటి అందరికీ విదితమే. ఏడాదంతా క్లెయిము లేకుండా గడిపిన వాహనదారుకు సొంత నష్టం ప్రీమియంలో 20 శాతంతో మొదలై 50 శాతం వరకు ‘నో క్లెయిమ్ బోనస్’ లభిస్తుంది. అయితే అది ప్రమాదం జరగనందుకు ఇచ్చే బహుమతి. ప్రమాదం జరగకుండా ముందే నేర్చుకున్నందుకు ఇచ్చేది కాదు. సరంగు శిక్షణను చూసి ప్రీమియం తగ్గించే ఆనవాయితీ మన తీరంలో స్థిరపడలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడికీ, మొన్న చుక్కాని పట్టినవాడికీ లెక్క ఒకటే అయినప్పుడు సిబ్బందిని పని మాన్పించి తరగతికి పంపే యజమాని ఎవరు?

షరతు తప్పితే అంతే

తగ్గింపు లేదు కనుక శిక్షణతో బీమాకు సంబంధం లేదనుకుంటే అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. సముద్రంలో తిరిగే పడవల బీమాకు మన దేశంలో 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం ఆధారం. అందులోని 35వ సెక్షన్ చాలా కఠినమైనది. పాలసీలో ‘వారంటీ’గా పేర్కొన్న ప్రతి షరతునూ అక్షరాలా పాటించి తీరాలి. అది ప్రమాదానికి కారణమయ్యేదా కాదా అన్నదానితో నిమిత్తం లేదు. పాలసీలో వేరే వెసులుబాటు రాసి ఉంటే తప్ప, షరతు తప్పిన రోజు నుంచి బీమా సంస్థకు బాధ్యత తొలగిపోతుంది. అర్హత కలిగిన సరంగే నడపాలని పాలసీలో రాసి ఉండి, ధ్రువపత్రం లేనివాడు నడుపుతున్న సమయంలో బోటు మునిగితే యజమాని పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు.

మన చట్టానికి మాతృక అయిన 1906 నాటి బ్రిటిష్ చట్టంలోనూ ఇదే నిబంధన ఉండేది. పాలసీదారులకు అన్యాయం జరుగుతోందని గుర్తించిన ఆ దేశం 2015లో కొత్త చట్టం చేసి దానిని సడలించింది. ఇక్కడ మాత్రం పాత నిబంధనే అమలులో ఉంది.

అదే చట్టంలోని 41వ సెక్షన్ కూడా యజమానులు తెలుసుకోదగినది. పడవ సముద్ర ప్రయాణానికి యోగ్యంగా లేదని తెలిసీ పంపితే, ఆ లోపం వల్ల కలిగిన నష్టానికి కాలపరిమితి పాలసీపై బీమా సంస్థ బాధ్యత వహించదు. యోగ్యత అంటే చెక్క, ఇంజను మాత్రమే కాదు. నడిపేవారి సామర్థ్యం కూడా అందులో భాగమేనన్నది నౌకా బీమా న్యాయంలో చిరకాలంగా స్థిరపడిన సూత్రం. ఇక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలంలో దొంగచాటుగా వెళ్లే బోటు గురించి చెప్పనక్కరలేదు. ప్రయాణం చట్టబద్ధంగా ఉండాలన్నది పాలసీలో రాయకపోయినా ఉన్నట్లే భావించాలని 43వ సెక్షన్ చెబుతోంది.

విశాఖ రేవు చెప్పిన పాఠం

శిక్షణ అనగానే చుక్కాని పట్టడం, దిక్సూచి చూడడం మాత్రమే అనుకోరాదు. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖపట్నం చేపల రేవులో లంగరు వేసి ఉన్న బోట్లు అగ్నికి ఆహుతయ్యాయి. 40కి పైగా బోట్లు దెబ్బతిన్నాయి. ఆర్పకుండా విసిరిన సిగరెట్ ముక్క దీనికి మూలమని పోలీసులు ఆనాడు వెల్లడించారు. బోట్లలో డీజిలు, వంట గ్యాసు, నైలాను వలలు ఒకేచోట ఉంటాయి. మంటలు ఒకసారి అంటుకుంటే పక్క బోటుకు పాకడానికి ఎంతోసేపు పట్టదు. కాలిపోయిన వాటిలో చాలా బోట్లకు బీమా లేదని తేలడంతో, విలువలో 80 శాతం పరిహారంగా ఇచ్చి ప్రభుత్వం ఆదుకోవలసి వచ్చింది. ప్రతిసారీ ఆ అవకాశం ఉంటుందని చెప్పలేం. అగ్నిమాపక సాధనం వాడకం, గ్యాసు సిలిండరు జాగ్రత్తలు, ప్రథమ చికిత్స, వీహెచ్ఎఫ్ రేడియోలో సహాయం కోరడం వంటివి కలాసీలకూ తెలిసి ఉండాలనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇక్కడ మరో అపోహ కూడా ఉంది. మత్స్యకారుల కోసం అమలు చేసిన సామూహిక ప్రమాద బీమాలో మరణానికి లేదా శాశ్వత పూర్తి వైకల్యానికి రూ.5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి రూ.2.5 లక్షలు నిర్దేశించారు. ప్రీమియం ప్రభుత్వాలే భరించడంతో బోటుకు కూడా బీమా ఉన్నట్లే భావించేవారు లేకపోలేదు. అది మనిషికి చేసిన బీమా. బోటుకు, ఇంజనుకు, వలలకు దానితో సంబంధం లేదు.

నదిలో నిబంధన వేరు

గోదావరి, కృష్ణా నదులలో ప్రయాణికులను ఎక్కించుకునే బోట్లకు వర్తించే చట్టం వేరు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద ‘రాయల్ వశిష్ట’ బోటు మునిగిన దుర్ఘటన ప్రజల మనసుల నుంచి చెరిగిపోలేదు. వరద ఉద్ధృతంగా ఉన్న రోజున పాపికొండల విహారానికి బయలుదేరిన ఆ బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ వెలికితీయలేకపోయింది. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో మరో పర్యాటక బోటు బోల్తాపడింది. కచ్చులూరు ఘటన అనంతరం 2020లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు ప్రారంభమయ్యాయి.

1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం–2021, 2022 జూన్ 7 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం యంత్రంతో నడిచే బోటుకు సర్వే, రిజిస్ట్రేషన్‌తో పాటు బీమా తప్పనిసరి. బోటు వాడకం వల్ల సంభవించే మరణం, గాయాలు, ఆస్తి నష్టం, ప్రమాదవశాత్తు నీటి కాలుష్యం ఆ బీమా పరిధిలోకి రావాలి. నడిపేవారికి సామర్థ్య ధ్రువపత్రం ఉండాలి. కనుక రేవులో టిక్కెట్టు తీసుకునే ప్రయాణికుడు లైఫ్ జాకెట్‌తో పాటు ఈ రెండు పత్రాల గురించి అడిగినా తప్పులేదు.

నేర్చుకునే చోటు, నేర్చుకునే కాలం

శిక్షణ సంస్థలు జిల్లాకు దూరంగా ఏమీ లేవు. రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ కాకినాడలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘సిఫ్‌నెట్’కు విశాఖపట్నంలో విభాగం ఉంది. వెసెల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులకు ఆ సంస్థ పేరెన్నికగన్నది. నదీ రవాణా సిబ్బందికి శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ మాత్రం పాట్నాలో ఉంది. చిక్కల్లా దీర్ఘకాలిక కోర్సులు పదో తరగతి చదివిన యువకులకే పనికివస్తాయి. తండ్రి వెంట బోటెక్కి పని నేర్చిన నలభై ఏళ్ల సరంగుకు కావలసింది నాలుగైదు రోజుల భద్రతా తరగతి, దానికి ఒక పత్రం. వేట నిషేధంలో బోట్లు రేవులో కట్టి ఉండే 61 రోజులకన్నా దానికి అనువైన కాలం లేదు.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చేపల బోట్ల బీమా ప్రీమియానికి రాయితీ ఇచ్చే అంశాన్ని చేర్చారు. అటువంటి రాయితీ ఇచ్చేటప్పుడు శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న బోటుకు కాస్త ఎక్కువ ఇవ్వడం అధికారులకు కష్టమైన పనేమీ కాదు. విదేశాలలో బీమా సంస్థలు చేస్తున్నది ఇక్కడ ప్రభుత్వం చేయవచ్చు.

ఈలోగా యజమానులు తమ చేతిలో ఉన్నది చేసుకోవడం మంచిది. పాలసీలో సిబ్బంది అర్హత గురించి ఏమి రాసి ఉందో చదివించుకోవాలి. ప్రతిపాదన పత్రంలో ఏజెంటు నింపిన వివరాలు నిజమో కాదో సంతకానికి ముందే చూసుకోవాలి. సరంగు మారితే బీమా కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలి. ధ్రువపత్రాలు, రిజిస్ట్రేషన్ పత్రాల నకళ్లు ఒక జత ఒడ్డున ఇంట్లో ఉంచుకోవాలి. బోటులోనే అన్నీ పెట్టుకుంటే బోటుతో పాటే అవీ మునిగిపోతాయి.