మంచునేల దాచిన పూర్వులు

రష్యాదేశపు ఉత్తరభాగమున, ఓబ్ నదీతీరమున, సలేఖార్డ్ అను పట్టణము కలదు. అది సైబీరియాలో ధ్రువవృత్తము మీదనే యున్నది. దానికి చేరువనున్న జెలెనీ యార్ అనుచోట 1997వ సంవత్సరమున ఒక ప్రాచీన శ్మశానవాటిక బయల్పడినది. అందలి సమాధులు క్రీస్తుశకము 12, 13 శతాబ్దముల నాటివి.

సామాన్యముగా మట్టిలో పూడ్చిన శరీరము త్వరలోనే శిథిలమగును. ఎముకలు మాత్రము మిగులును. ఇచట కొందరి ముఖములు, వెండ్రుకలు సైతము నిలిచియున్నవి. అందుకు ఒక కారణము అతిశీతలమైన నేల. రెండవది రాగి. బంధువులు మృతులను జంతుచర్మములతో చుట్టి, కొందరిపై రాగిరేకులు కప్పిరి. రాగి కుళ్లు కలిగించు సూక్ష్మజీవులను అణచివేయును. 2015లో రాగిరేకులతోను, భూర్జవృక్షపు బెరడుతోను చుట్టబడిన ఆరేడేండ్ల బాలుని దేహము దొరకినది.

ఈ మృతులు ఏ జాతివారు? సమాధులలో పారశీకమున, అనగా నేటి ఇరానులో, చేయబడిన కంచుగిన్నెలు కానవచ్చినవి. అంతమాత్రమున వారు పారశీకులని తలపరాదు. వర్తకులవలన వస్తువులు వేలమైళ్లు పయనించును. వంశము తెలియవలెనన్న ఎముకలను, పండ్లను పరీక్షింపవలెను. వానియందు మిగిలియుండు డి.ఎన్.ఏ. అను పదార్థము తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించునది. ప్రాచీనుల డి.ఎన్.ఏ.ను నేటివారి దానితో పోల్చి శాస్త్రజ్ఞులు బాంధవ్యమును నిర్ణయింతురు.

ఓబ్ నదీప్రాంతమున నేడు ఖాంతీ, మాన్సీ, నేనెత్సు జాతులవారు నివసించుచున్నారు. సైబీరియాలోని అనేక ప్రాచీన సమాధులనుండి సేకరించిన డి.ఎన్.ఏ.ను పరిశీలించి, ఇట్టి జాతుల పూర్వులలో ఒక శాఖ దాదాపు 4,500 ఏండ్లక్రిందట తూర్పున యకూతియా ప్రాంతమున నుండెనని 2025లో పరిశోధకులు ప్రకటించిరి. ఖాంతీ, మాన్సీ భాషలకు ఐరోపాలోని హంగేరీ భాష దగ్గరి చుట్టము. అయినను నేటి హంగేరీయులలో సైబీరియా వంశాంశ మిక్కిలి స్వల్పము. కావున భాషనుబట్టి గాని, వస్తువులనుబట్టి గాని వంశమును నిశ్చయింపరాదు. అన్నిటిని కలిపి చూచినపుడే చరిత్ర స్పష్టమగును.

ఈ పరిశోధనయందు ఒక ధర్మసంకటము కలదు. పూర్వుల ఆత్మశాంతికి భంగము కలుగుచున్నదని స్థానికులు ఆక్షేపింపగా, జెలెనీ యార్ తవ్వకములు 2002లో నిలిచిపోయినవి. 2013లో మరల మొదలైనవి. ఆ బాలుని దేహము శాస్త్రజ్ఞులకు అమూల్యమైన ఆధారము. ఒక తల్లి కడసారిగా చర్మములలో పొదిగి సాగనంపిన బిడ్డయు నతడే. ఈ రెండవ మాటను మరువక, ఆ నేలవారిని గౌరవించుచు సంపాదించిన జ్ఞానమే మన్ననకు పాత్రమగును.