వెటకారానికో ముఖం

గోదావరి జిల్లాల్లో "ఆయ్" అన్న మాటకు అర్థం గొంతులో ఉంటుంది. పొట్టిగా అంటే మర్యాద. కాస్త సాగదీసి, కనుబొమ ఎగరేసి అంటే వెటకారం. అదే మాట ఫోన్‌లో టైపు చేస్తే గొంతూ ఉండదు, కనుబొమా ఉండదు. మెచ్చుకున్నారో, దెప్పారో అవతలివాళ్లకు అంతుపట్టదు.

ఈ ఇబ్బంది అందరికీ ఉన్నదే. 1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్, సరదాగా అన్న మాట పక్కన కోలన్, అడ్డగీత, బ్రాకెట్ పెడదామన్నాడు. అలా నవ్వుకు గుర్తు దొరికింది. వెటకారం మాత్రం పాతికేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది.

జస్టిన్ డాట్ టీవీ అనే లైవ్ ప్రసారాల సంస్థలో చాట్ పని చూసిన ఉద్యోగి జోష్ డిసీనో. తన గుర్తింపు కార్డులోని నలుపు తెలుపు ఫొటోను చాట్‌లో పెట్టి, జపాన్ జానపద కథల్లోని నీటి భూతం పేరు తగిలించాడు: కప్పా. చాట్‌లో ప్రయాణించేది అయిదు ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన ఆ మాటే. చూసేవారి తెర దాన్ని గుర్తుపట్టి, అక్షరాలు తీసేసి బొమ్మను నిలబెడుతుంది. వెయ్యిమంది రాసినా బొమ్మను ఒక్కసారి తెచ్చుకుంటే చాలు. ఆ సంస్థ నుంచే పుట్టిన ఇప్పటి ట్విచ్‌లో ఇలాంటి చాట్ బొమ్మకు, అంటే ఎమోట్‌కు, చిన్న సైజు 28 చుక్కల వెడల్పు, 28 చుక్కల ఎత్తు. మొత్తం 784 చుక్కలు. పెదవి చివరి వంపుకు దక్కేవి గుప్పెడే. ఆ వంపు చూసే జనం బొమ్మను ఎకసెక్కపు మాట చివర తగిలించడం మొదలెట్టారు. అర్థం ఇచ్చింది డిసీనో కాదు, వాళ్లే.

మనకు వెటకారపు గుర్తుగా నిలిచింది, ఫోన్లలో కదిలే బొమ్మగా తిరిగే హాస్యనటుడు బ్రహ్మానందం ముఖం. కదిలే బొమ్మలకు వాహనమైన జిఫ్‌ను కంప్యూసర్వ్ సంస్థ 1987 జూన్‌లో విడుదల చేసింది. అదే ఏడాది నవంబరులో 'అహ నా పెళ్ళంట!' సినిమా వచ్చింది. తీసింది నరసాపురంలో పుట్టిన జంధ్యాల. అందులో అరగుండుగా జనానికి గుర్తుండిపోయిన బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేశారు. జిఫ్‌లో ఒక్కో ఫ్రేముకు 256 రంగులకు మించి ఉండవు. కదలని గోడను ఒకసారి దాచుకుని, తర్వాతి ఫ్రేముల్లో మారిన ముక్కనే దాచుకోవచ్చు. ఆయన నటనకు ఇంత బాగా నప్పే పద్ధతి మరొకటి లేదనిపిస్తుంది: ఒళ్లంతా కదలదు, కళ్లూ కనుబొమలే కదులుతాయి, చెప్పాల్సింది చెప్పేస్తాయి.

2018లో వాట్సాప్‌లోకి స్టిక్కర్లు వచ్చాక ఆ ముఖం ఇంటింటి గ్రూపులోకీ చేరింది. పేరు తెలియని పిల్లలు కూడా పంపుతున్నారు. ఈసారి మీ ఫోన్‌కు వస్తే, ఒకప్పుడు అత్తిలిలో తెలుగు పాఠం చెప్పిన ముఖమని వాళ్లకు చెప్పండి.