నల్లరేగడికి సున్నం మందు

కృష్ణా డెల్టాలో వరి కోతలయ్యాయి. వరి తర్వాత వేసిన మినుము కూడా ఇంటికి చేరింది. ఇక మండే ఎండల్లో ఒకసారి పొలానికి వెళ్ళి చూడండి. నేలంతా నెర్రెలిచ్చి ఉంటుంది. వాటిలో మీ బంతి పడిందంటే తీయడం కష్టమే! తొలకరి వానలు పడగానే నేల ఉబ్బుతుంది, ఆ నెర్రెలు పూడిపోతాయి.

పొలంలో ఇది బాగానే ఉంటుంది. మరి అదే నేలమీద ఇల్లు కడితే? వానాకాలంలో నేల ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది. ఎండాకాలంలో కుంగిపోతుంది. ఇంటి అంచుల కింద మట్టి ఎండినంతగా నడిమింటి కింద మట్టి ఎండదు. అందుచేత ఇల్లంతా ఒకే తీరున లేవదు, ఒకే తీరున దిగదు. గోడలు బీటలిస్తాయి, తలుపులు బిగుసుకుపోతాయి. రోడ్లకూ కాలువ గట్లకూ ఇదే బాధ.

ఈ మట్టి ఎక్కడిది? సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట దక్కనులో లావా పొంగి నల్లరాయిగా గట్టిపడింది. ఆ రాయి చివికి నల్లరేగడి అయింది. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణానది ఆ ప్రాంతం మీదుగా వస్తూ, నల్లని ఒండ్రును తెచ్చి డెల్టాలో పరిచింది.

ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. పుస్తకంలో కాగితాల్లాగా దానిలో రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కొక్క రేకు మందం మిల్లీమీటరులో సుమారు పది లక్షల వంతు మాత్రమే! రేకుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. వాటిని సోడియం, కాల్షియం వంటి ధన అయాన్లు పట్టి ఉంచుతాయి. రేకుల మధ్య నీరు చేరితే అవి దూరం జరుగుతాయి. దాంతో మట్టి ఉబ్బుతుంది. నీరు పోతే దగ్గరవుతాయి.

మట్టి ఎంత ఉబ్బుతుందో చూడడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. మెత్తగా జల్లించిన ఎండుమట్టిని రెండు కొలగాజుల్లో పది గ్రాముల చొప్పున పోయాలి. ఒకదానిలో నీరు, మరోదానిలో కిరసనాయిలు నింపి, బాగా కలిపి, ఒకరోజు కదపకుండా ఉంచాలి. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. అందులో 12, నీటిలో 24 ఘన సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. ఉబ్బు నూటికి నూరు అన్నమాట! యాభై దాటితేనే ఇంజనీర్లు జాగ్రత్త పడతారు. (ఈ పరీక్ష ఉపాధ్యాయుల సమక్షంలో, నిప్పుకు దూరంగా చేయండి.)

దీనికి మందు సున్నం. సున్నంలోని కాల్షియం, రేకుల మధ్య ఉన్న సోడియంను తోసివేసి తాను చేరుతుంది. కాల్షియం అయానుకు రెండు ధనావేశాలు. కనుక రేకులను మరింత గట్టిగా పట్టి ఉంచుతుంది. జిగటమట్టి పొడిపొడిగా మారుతుంది. తరువాత నెలల తరబడి మరో చర్య జరుగుతుంది. మట్టిలోని సిలికా, అల్యూమినాలతో సున్నం కలిసి సిమెంటు వంటి పదార్థం తయారవుతుంది. పూర్వం ఇటుకపొడి కలిపిన గానుగ సున్నం గట్టిపడింది కూడా ఇలాగే.

సాధారణంగా నూరు పాళ్ళ ఎండుమట్టికి 3 నుంచి 8 పాళ్ళ సున్నం చాలు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాలగా వచ్చే బూడిద వంటిది కూడా ఇందుకు పనికివస్తుంది. ఆ బూడిదలో సిలికా, అల్యూమినా ఎక్కువ, సున్నం తక్కువ. అందువల్ల రెండింటినీ కలిపి వాడతారు.

అయితే మట్టిని పరీక్షించకుండా మందు వేయరాదు. సల్ఫేటు లవణాలు ఎక్కువగా ఉన్న మట్టిలో సున్నం కలిపితే ఉబ్బు తగ్గడానికి బదులు పెరగవచ్చు.

మరి పొలంలోనూ సున్నం చల్లుదామా? వద్దు! నల్లరేగడికి అసలే క్షారగుణం ఎక్కువ. సోడియం పేరుకున్న చవుడు నేలకైతే జిప్సం వేస్తారు. ఇందులోనూ పని చేసేది కాల్షియమే, కాని ఇది క్షారాన్ని పెంచదు. పైగా నెర్రెలు రైతుకు మేలే చేస్తాయి. గాలీ, తొలివాన నీరూ వాటిగుండా లోపలికి దిగుతాయి. అందుకే నల్లరేగడి తనను తానే దున్నుకుంటుందని అంటారు.

పునాది కింద మందు, పొలంలో స్వేచ్ఛ! మీ బడి ఆవరణలో మట్టి ఎంత ఉబ్బుతుందో ఈసారి కొలిచి చూడండి.