1802 బైట్లలో ఒక పందెపు దారి

కంప్యూటర్ తెరమీద కారు దూసుకుపోతోంది. ముందు కొండ, వంతెన, గాలిలో సున్నాలా చుట్టుకున్న రోడ్డు. పక్కన చెట్లు, పెట్రోలు బంకు! ఇంత దృశ్యాన్ని దాచడానికి ఎంత చోటు కావాలి? 1990లో వచ్చిన 'స్టంట్స్' అనే ఆటలో 1802 బైట్లు చాలు. ఒక బైట్‌లో 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్యను దాచవచ్చు.

ఈ ఆటలో పందెపు దారిని మనమే నిర్మించుకోవచ్చు. నేలను అడ్డంగా 30, నిలువుగా 30 గళ్ళుగా విభజించారు. అంటే 900 గళ్ళు. ఒక్కో గడిలో ఉన్నది తిన్నని రోడ్డా, మలుపా, చెట్టా అన్నది ఒక సంఖ్య చెబుతుంది. మలుపు ఎటు తిరిగిందో కూడా అందులోనే ఉంటుంది. ఇందుకు 900 బైట్లు. నేల చదునా, కొండా, నీరా అని చెప్పడానికి మరో 900. దూరాన కనిపించే ఎడారి, నగరం వంటి దృశ్యానికి ఒకటి, అదనంగా ఇంకొకటి. మొత్తం 1802!

మరి చెట్టు బొమ్మ ఎక్కడుంది? అది ఆటలో ముందే ఉంది. రబ్బరు స్టాంపు ఒక్కటే అయినా ఎన్ని కాగితాలమీదనైనా ముద్ర వేయవచ్చు కదా! అలాగే, సంఖ్య కనిపించిన ప్రతి గడిలోనూ కంప్యూటర్ ఆ చెట్టును నిలబెడుతుంది.

అయితే ఈ పొదుపుకు మూల్యం ఉంది. ఆటలో లేని మలుపును మీరు వేయలేరు.

మీరూ చేసి చూడండి. గళ్ళ కాగితంమీద 10×10 గళ్ళలో ఒక దారి గీయండి. ఒక్కో ముక్కకు ఒక సంఖ్య ఇవ్వండి. బొమ్మ చూపకుండా, సంఖ్యలనూ వాటి అర్థాల పట్టికనూ మీ మిత్రుడికి ఇవ్వండి. అతడు అదే దారి గీశాడా?