కాటన్ అంటే పత్తి కాదండీ

ధవళేశ్వరం పిల్లలను ఇంగ్లిష్‌లో ఎస్సే రాయమంటే ముందు గుర్తొచ్చే పేరు కాటన్ దొరది. మే 15న ఆయన జయంతి, ఊళ్లోనే మ్యూజియం, కాస్త ముందుకెళితే బ్యారేజీ. అందుకే దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, వాళ్లది పత్తి వ్యాపారమా?" మంచి ప్రశ్న. కాదనే చెప్పాలి.

ఇంగ్లిష్‌లో ఈ రెండు కాటన్‌లకూ స్పెల్లింగ్ ఒకటే గానీ చుట్టరికం లేదు. బట్టల కాటన్ అరబ్బీ మాట. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంటిపేరు కాటన్ మాత్రం అచ్చమైన పాత ఇంగ్లిష్. అందులో 'కాట్' అంటే గుడిసె, చిన్న ఇల్లు. కాటేజ్‌లో ఉన్నదీ అదే. 'గుడిసెల దగ్గర' అనడానికి వాళ్లు వాడిన రూపమే ఊరి పేరై, ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఇంటిపేరైంది. స్టాఫర్డ్‌షైర్‌లోనూ సఫోక్‌లోనూ కాటన్ అనే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. (మంచానికి వాడే కాట్ మళ్లీ వేరండోయ్. అది హిందీ 'ఖాట్' నుంచి ఇంగ్లిష్‌వాళ్లు తీసుకున్నది.)

ఇది మనకు కొత్తేం కాదు. రాజమండ్రిలో పుట్టిన కందుకూరి వీరేశలింగం గారి ఇంటిపేరు చూడండి. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. చివర 'రు' కాస్తా 'రి' అయింది, అంటే 'కందుకూరుకు చెందిన' అని. ఎక్కడి ఇంగ్లండ్, ఎక్కడి గోదావరి! ఇద్దరి ఇంటిపేర్లూ ఒకే పద్ధతిలో తయారయ్యాయి. మీ ఇంటిపేరు కూడా 'రి'తోనో 'పల్లి'తోనో 'పాటి'తోనో ముగిస్తే, ఎక్కడో ఒక ఊరు ఉండే ఉంటుంది. తాతయ్యగారినో నానమ్మగారినో అడిగి చూడమని పిల్లలకు చెప్పండి.

పుట్టుక ఒకలాగే ఉన్నా వాడుక మాత్రం తలకిందులు. ఎ.టి.కాటన్ అని రాస్తే ముందున్న రెండు అక్షరాలూ సొంత పేర్లు: ఆర్థర్, థామస్. కె.వీరేశలింగం అని రాస్తే ముందున్న అక్షరం ఇంటిపేరు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అర్థం అటుది ఇటు. మన పిల్లలు విదేశాలకు వెళ్లినప్పుడు తికమక అంతా ఇక్కడే.

పిల్లల ఎస్సేల్లో నేను ఎక్కువగా దిద్దే మాట 'సర్ కాటన్'. ఆయనకు 1861లో నైట్‌హుడ్ ఇచ్చారు. ఆ 'సర్' ఇంటిపేరుకు అంటుకోదు, సొంత పేరుకే అంటుకుంటుంది. 'సర్ ఆర్థర్ కాటన్' సరే, 'సర్ ఆర్థర్' సరే, 'సర్ కాటన్' తప్పు. 'మిస్టర్' దీనికి పూర్తిగా ఎదురు: 'మిస్టర్ కాటన్' అనాలి, 'మిస్టర్ ఆర్థర్' అనకూడదు. మనం 'వీరేశలింగం గారు' అన్నట్టు వాళ్లు సొంత పేరుకు మిస్టర్ చేర్చరు. కుటుంబం మొత్తాన్ని అనాలంటే ముందు 'ది', చివర 'ఎస్' పెట్టి 'ది కాటన్స్' అంటారు. మొదటి అక్షరం మాత్రం క్యాపిటల్ ఉండాల్సిందే. చిన్న అక్షరంతో రాస్తే బ్యారేజీ పత్తిదైపోతుంది! 'కాటన్ ఆన్' అని ఒక క్రియ కూడా ఉంది, విషయం అర్థమవడం అని. దానికీ మన దొరగారికీ ఏ సంబంధమూ లేదు.

కీబోర్డు క్లాసులకు వెళ్లే పిల్లలు ఇంకో ఇంటిపేరు ఇంటికి మోసుకొస్తారు. స్పెల్లింగ్ చూసి 'చోపిన్' అని చదువుతారు. ఆయన పోలండ్‌లో 1810లో పుట్టిన సంగీతకర్త, పేరు 'షోపాన్' అని పలకాలి. కారణం తండ్రి. ఆయన ఫ్రాన్సు నుంచి పోలండ్ వెళ్లి స్థిరపడ్డారు, ఇంటిపేరూ ఆయనతోపాటే వెళ్లింది. అది పాత ఫ్రెంచిలో మన సోల, తవ్వ లాంటి ఒక కొలత పేరు నుంచి వచ్చిందని చెబుతారు. ఇంగ్లిష్‌లో 'షీ ప్లేస్ షోపాన్' అంటే ఆయన సంగీతం వాయిస్తుందని. మనం 'కందుకూరిని చదివాం' అనమూ? అలాగే.

ఇక అసలు సంగతి, మీకు పనికొచ్చేది. పాస్‌పోర్టులో 'గివెన్ నేమ్', 'సర్‌నేమ్' అని రెండు గళ్లుంటాయి. వీరేశలింగం గివెన్ నేమ్, కందుకూరి సర్‌నేమ్. ముందు రాసేది ఏదైనా, సర్‌నేమ్ అంటే ఇంటిపేరే. చాలామంది మొత్తం పేరు ఒకే గడిలో రాసి రెండోది ఖాళీ వదిలేస్తున్నారు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా వస్తే సొంత పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యు' అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని! అక్కడ బ్యాంకులోనూ కాలేజీలోనూ ఆ మూడక్షరాలే మన అబ్బాయి పేరైపోతే ఎంత ఇబ్బందో ఆలోచించండి. 2022 నవంబరులో యూఏఈ కూడా విజిట్ వీసాల మీద ఒంటి పేరు పాస్‌పోర్టులను అనుమతించబోమంది. తరువాత కొంత సడలించినా, గల్ఫ్‌లో బంధువులున్న ఇళ్లలో ఆ కంగారు గుర్తుండే ఉంటుంది.

ఈ గొడవకు మొదలు మన స్కూలు రికార్డే. పదో తరగతి నామినల్ రోల్‌లో వెళ్లిన పేరే మెమోలో వస్తుంది. తరువాత మార్పించుకోవడం చాలా తిరుగుడు. కాబట్టి తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులు ముందుగానే పిల్లల ఆధార్ తీసి, స్కూలు రికార్డు పక్కన పెట్టి చూడండి. ఇనీషియల్ వదిలేసి ఇంటిపేరు పూర్తిగా ఉందా? ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక ఉందా? తల్లి పేరు దగ్గర ఒకచోట పుట్టింటి పేరు, ఇంకోచోట అత్తింటి పేరు పడ్డాయా? స్పెల్లింగ్ కూడా అక్షరం అక్షరం చూడాలి. లక్ష్మిలో 'కెఎస్‌హెచ్' ఉందా, 'ఎక్స్' ఉందా, చివర 'ఐ' ఉందా, 'వై' ఉందా. తేడా కనబడితే జిరాక్సు కాపీతో ఆఫీసు రూముకు రండి, నామినల్ రోల్స్ వెళ్లకముందే.