జేసన్ (దత్తాంశ రూపము)

జేసన్ అనేది కంప్యూటరు ప్రోగ్రాముల మధ్య సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొనుటకు వాడే ఒక పాఠ్య రూపము. జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్ నొటేషన్ అనే ఆంగ్ల నామంలోని మొదటి అక్షరాల నుండి ఈ పేరు ఏర్పడినది. పేరులో జావాస్క్రిప్ట్ ఉన్నప్పటికీ పైథాన్, జావా మొదలైన ఇతర భాషలలో కూడా దీనిని విరివిగా వాడుతారు.

చరిత్ర

2001 ప్రాంతంలో అమెరికాకు చెందిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ దీనికి నియమాలు వివరించి ప్రచారంలోకి తెచ్చాడు. జావాస్క్రిప్ట్‌లో అప్పటికే ఉన్న రాత పద్ధతియే దీనికి మూలము. 2013లో ఇది ఎక్మా-404 ప్రమాణముగా వెలువడినది. 2017లో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 8259 దీని నియమాలను మరింత స్పష్టపరచినది.

నిర్మాణము

జేసన్‌లో ముఖ్యమైన కూర్పులు రెండు. పేరు-విలువ జతల సముదాయాన్ని ఆబ్జెక్ట్ అంటారు. దీనిని మీసాల బ్రాకెట్లలో రాస్తారు. వరుసక్రమం గల విలువల జాబితాను అర్రే అంటారు. దీనిని చదరపు బ్రాకెట్లలో రాస్తారు. విలువ అనేది పాఠ్యము, సంఖ్య, అవును-కాదు, శూన్యము, లేదా మరొక ఆబ్జెక్ట్, అర్రే కావచ్చును.

ఉదాహరణ:

{
  "రేవు": "విశాఖపట్నం",
  "ప్రారంభం": 1933,
  "ఎస్టీడీ కోడు": "0891",
  "దిగుమతులు": ["కోకింగ్ బొగ్గు", "ముడి చమురు"]
}

ఇందులో 1933 సంఖ్య కనుక దానికి ఉల్లేఖన చిహ్నాలు లేవు. 0891 అంకెలతోనే ఉన్నా అది లెక్కించే సంఖ్య కాదు. పైగా జేసన్‌లో పూర్ణసంఖ్య ముందు అదనపు సున్నా ఉండరాదు. అందువలన దానిని పాఠ్యముగా రాయవలెను.

తరచు జరిగే పొరపాట్లు

* చివరి విలువ తరువాత కామా పెట్టుట
* పేర్లను జంట ఉల్లేఖన చిహ్నాలలో ఉంచకపోవుట
* వాటికి బదులు ఒంటి చిహ్నాలు వాడుట
* మధ్యలో వ్యాఖ్యలు రాయుట

నియమాలను ఖచ్చితంగా పాటించే ప్రోగ్రాము వీటిలో ఏ ఒక్కటి కనబడినా మొత్తం దస్త్రాన్ని తిరస్కరిస్తుంది.

రేవులలో ఉపయోగము

విశాఖపట్నం వంటి రేవులకు వచ్చే నౌకలోని సరుకుల పట్టికను కస్టమ్స్ శాఖకు ముందుగా సమర్పించాలి. ఈ పట్టికను మ్యానిఫెస్ట్ అంటారు. 2018 నాటి సముద్ర సరుకు మ్యానిఫెస్ట్ నిబంధనల కింద ఈ వివరాలను జేసన్ దస్త్రముగా, డిజిటల్ సంతకంతో, కస్టమ్స్ వారి ఐస్‌గేట్ ద్వారా పంపే విధానం ఏర్పడినది. దస్త్రంలో తప్పుంటే సరిచేసి మళ్ళీ పంపవలసి ఉంటుంది.

పరిమితులు

జేసన్ సమాచారపు ఆకృతిని తెలుపుతుంది గాని అర్థాన్ని తెలుపదు. బొగ్గు బరువు 70000 అని ఉంటే అది టన్నులా, కిలోలా అన్నది దస్త్రాన్ని బట్టి తెలియదు. 05-06 అనే తేదీ జూన్ 5 కావచ్చు, మే 6 కావచ్చు. ఇటువంటి దస్త్రం నియమాల ప్రకారం సరైనదే అయినా, చదివే ప్రోగ్రాము తప్పుగా గ్రహించవచ్చును. కావున పంపేవారు, అందుకొనేవారు కొలమానాలను, తేదీల పద్ధతిని, తప్పనిసరి వివరాలను ముందే నిర్ణయించుకోవాలి.

తెలుగులో జేసన్

వేర్వేరు వ్యవస్థల మధ్య పంపే జేసన్ యూటీఎఫ్-8 సంకేతలిపిలో ఉండాలి. అందువలన పేర్లను, విలువలను పై ఉదాహరణలో వలె తెలుగులోనే రాయవచ్చును. కొన్ని ప్రోగ్రాములు అక్షరాలకు బదులు వాటి యూనికోడ్ సంకేతాలను రాస్తాయి. తిరిగి చదివినప్పుడు అవే తెలుగు అక్షరాలు వస్తాయి.

ఇవి కూడా చూడండి

* ఎక్స్‌ఎంఎల్
* యూనికోడ్
* విశాఖపట్నం నౌకాశ్రయము