వెబ్ పుటల పరపతి

తెలుగువారి ఇళ్ళలో పిల్లకు సంబంధం చూసేటప్పుడు పెద్దలు అనుసరించే పద్ధతి ఒకటి ఉన్నది. వరుడు తనను గురించి తాను చెప్పుకొన్న మాటలతో వారు తృప్తిపడరు. ఆ ఊరిలో నలుగురినీ విచారిస్తారు. ఆ నలుగురి మాటలనైనా ఒకే తూకాన తూచరు. ఊరంతా గౌరవించే ఉపాధ్యాయుడు "మంచి పిల్లవాడు" అంటే సగం బెంగ తీరుతుంది. వందమంది వరులను ఒకే తీరున పొగిడే పెళ్ళిళ్ళ పేరయ్య మాటకు మాత్రం అంత విలువ ఉండదు.

కంప్యూటరులో ఒక విషయాన్ని వెతికినప్పుడు సెర్చ్ ఇంజన్ జరిపే విచారణ కూడా ఇటువంటిదే. ఒక వెబ్ సైటుకు లోకంలో ఉన్న పేరుప్రతిష్ఠలను ఇంగ్లీషులో అథారిటీ అంటారు. దానికి తెలుగులో చక్కగా అమరే మాట పరపతి. పరపతి అంటే పలుకుబడి. అప్పు పుట్టే యోగ్యత కూడా. సహకార పరపతి సంఘం అన్న పేరులో ఉన్నది ఆ రెండవ అర్థమే. వెబ్ పుటల విషయంలో రెండర్థాలూ పొసగుతాయి. అక్కడి పలుకుబడి ఎవరికి వారు ప్రకటించుకొనేది కాదు, ఇతరులు నమ్మి ఇచ్చేది.

ఈ విషయం కేవలం కంప్యూటరు నిపుణులకు సంబంధించినది కాదు. డాలస్‌లోనో దుబాయిలోనో ఉద్యోగం చేసుకొంటున్న కుమారుడు, గుంటూరులోని తల్లికి డాక్టరు వ్రాసిన కొత్త మందును గురించి అర్ధరాత్రి వెతుకుతాడు. తెరపై మొదట కనిపించిన రెండు మూడు పుటలు చదివి ఇంటికి ఫోను చేస్తాడు. కోట్లాది పుటలలో ఆ రెండు మూడింటినే ముందు నిలిపిన విధానం ఏమిటో తెలుసుకొనడం ఆ కుటుంబానికి అవసరమే.

మాటలను లెక్కపెట్టిన కాలం

వెబ్ తొలినాళ్ళలో రెండు మార్గాలుండేవి. 1994లో మొదలైన యాహూ, మనుషుల చేత పుటలను వర్గీకరింపజేసి విషయసూచికను తయారుచేయించింది. 1995 డిసెంబరులో వెలువడిన ఆల్టావిస్టా వంటి యంత్రాలు ప్రధానంగా పుటలలోని మాటలనే ఆధారం చేసుకొన్నాయి. వెతికిన మాట పుటలో ఎన్నిసార్లు, ఎక్కడ వచ్చిందన్నదే ముఖ్యమైన లెక్క.

ఈ లెక్కను మోసగించడం సులభమయింది. తెల్లని తెరపై తెల్లని అక్షరాలతో ఒకే మాటను వందలసార్లు వ్రాసిపెట్టేవారు. చదువరికి అది కనబడదు, యంత్రానికి కనబడుతుంది. 1997 నవంబరు నాటికి, నాలుగు ప్రముఖ వాణిజ్య సెర్చ్ ఇంజన్లలో తన పేరునే వెతికితే తన సొంత పుటను మొదటి పది ఫలితాలలో చూపగలిగినది ఒక్కటే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ తమ 1998 పత్రంలో నమోదు చేసిన విషయమిది.

మోసం లేనిచోట సైతం మాటల లెక్క చాలదు. కార్లు తయారుచేసే కంపెనీ తన ముఖపుటలో "కార్ల తయారీదారు" అని వ్రాసుకోవాలన్న నియమమేమీ లేదు. ఆ సంగతి దానిని గురించి ఇతరులు చెప్పే మాటలలోనే దొరుకుతుంది.

గ్రంథాలయం చూపిన దారి

"ఇతరులు చెప్పే మాట"ను కొలిచే పద్ధతి గ్రంథాలయాలకు అప్పటికే పరిచితం. శాస్త్రవేత్త తన పరిశోధన పత్రంలో పూర్వుల పత్రాలను పేర్కొంటాడు. ఏ పత్రాన్ని ఎవరెవరు పేర్కొన్నారో తెలిపే సూచికను యూజీన్ గార్ఫీల్డ్ 1964లో వెలువరించాడు. 1976లో గేబ్రియేల్ పిన్స్కీ, ఫ్రాన్సిస్ నరిన్ మరొక మెట్టు ఎక్కారు. పేర్కొన్నవారి సంఖ్యతో పాటు, పేర్కొన్న పత్రిక స్థాయిని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నారు.

వెబ్‌లో ఒక పుట మరొక పుటకు ఇచ్చే లింకు ఇటువంటి ఉదాహరింపే. 1996లో స్టాన్‌ఫర్డ్‌లో ఆరంభమైన పరిశోధన ఈ పోలికను పట్టుకొన్నది. పేజ్, బ్రిన్‌లతో పాటు ఆచార్యులు టెర్రీ వినోగ్రాడ్, రాజీవ్ మొత్వానీ కలసి రూపొందించిన పేజ్‌ర్యాంక్ సూత్రం అలా వెలువడింది. మొత్వానీ జమ్మూలో జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి స్టాన్‌ఫర్డ్ చేరిన గణిత మేధావి, 2009లో కన్నుమూశారు. అదే కాలంలో జాన్ క్లైన్‌బర్గ్ మరొక పద్ధతిని ప్రతిపాదించాడు. మంచి విషయం ఉన్నవి ప్రామాణిక పుటలు. వాటికి దారి చూపేవి కూడలి పుటలు. ఒకదాని మంచితనం మరొకదాని మంచితనాన్ని నిర్ణయిస్తుందని ఆయన సిద్ధాంతం.

మూడు పుటల లెక్క

గొప్పవారు మెచ్చినవారే గొప్పవారైతే, ఆ మెచ్చినవారి గొప్పదనాన్ని ముందుగా ఎవరు తేల్చాలి? చిక్కుముడిలా తోచే ఈ ప్రశ్నకు గణితంలో సమాధానం ఉన్నది.

అ, ఆ, ఇ అనే మూడు పుటలే ఉన్న చిన్న లోకాన్ని ఊహించుకోవచ్చు. "అ" పుట ఆ, ఇ రెండింటికీ లింకు ఇస్తుంది. "ఆ" పుట ఇ ఒక్కదానికే ఇస్తుంది. "ఇ" పుట అ ఒక్కదానికే ఇస్తుంది. మొత్తం పరపతి 100 అనుకొని, మొదట మూడింటికీ సమానంగా పంచుతారు. తరువాత ప్రతి పుట తన వద్దనున్న పరపతిని తాను లింకు ఇచ్చిన పుటలకు సమభాగాలుగా పంచుతుంది. ఇలా పదేపదే పంచగా అంకెలు క్రమంగా నిలకడకు వస్తాయి: అ 40, ఆ 20, ఇ 40.

ఇందులో గమనించదగినది ఒకటున్నది. "అ"కూ "ఆ"కూ వచ్చిన లింకు ఒక్కొక్కటే. అయినా "అ"కు 40, "ఆ"కు 20. "ఇ" తన మాటను "అ" ఒక్కదానికే చెప్పింది. "అ" మాత్రం తన మాటను ఇద్దరికి పంచింది. పెళ్ళిళ్ళ పేరయ్య మాట ఎందుకు తేలిపోతుందో ఈ లెక్కలోనే ఉన్నది.

నిజమైన వెబ్‌లో మరొక ఇబ్బంది ఉన్నది. రెండు పుటలు ఒకదానికొకటి మాత్రమే లింకు ఇచ్చుకొంటే, అక్కడికి చేరిన పరపతి బయటకు రాక పోగుపడుతుంది. దీనికి విరుగుడుగా పరిశోధకులు గమ్యంలేని బాటసారిని కల్పించారు. అతడు నూటికి 85 పాళ్ళు లింకుల వెంట నడుస్తాడు. తక్కిన 15 పాళ్ళు విసుగుచెంది ఎక్కడో ఒకచోట కొత్తగా మొదలుపెడతాడు. అతడు ఏ పుటలో ఎంతకాలం గడుపుతాడో అదే ఆ పుట పరపతి.

పరపతిని కొనేవారు, అద్దెకిచ్చేవారు

ఏ కొలతకు విలువ ఏర్పడుతుందో దానిని అంగడిలో కొనేవారూ పుట్టుకొస్తారు. 2000లో గూగుల్ తన టూల్‌బారులో పుటల పరపతిని 0 నుంచి 10 వరకు అంకెలలో చూపసాగింది. దానితో లింకుల క్రయవిక్రయాలు సాగాయి. ఒకదానికొకటి వంతపాడే వేలాది ఉత్తుత్తి సైట్లు వెలిశాయి. 2003లో అనేకులు కూడబలుక్కొని "ఘోర వైఫల్యం" అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలతో లింకులు ఇవ్వగా, ఆ మాటలను వెతికినవారికి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ జీవితపరిచయం మొదట కనిపించింది. ఆ పుటలో ఆ మాటలు లేనే లేవు.

ప్రతివ్యూహాలూ వచ్చాయి. లింకు ఇస్తూనే "ఇది నా సిఫారసు కాదు" అని యంత్రానికి తెలిపే గుర్తు 2005లో అమలులోకి వచ్చింది. 2007లో పైన చెప్పిన ఆకతాయి పనికి అడ్డుకట్ట పడింది. 2012 ఏప్రిల్‌లో కృత్రిమ లింకులను పట్టే పెంగ్విన్ అనే మార్పు వచ్చింది. 2016లో టూల్‌బారు అంకెలు మాయమైనాయి. 2024లో మరొక నియమం చేరింది. పేరున్న సైట్లు తమ ఆవరణలో కొంత చోటును బయటివారికి ఇచ్చి, తమ పరపతిని వాడుకోనివ్వడం ఇకపై తప్పుగా పరిగణించబడుతుంది.

ఈనాడు పేజ్‌ర్యాంక్ అనేక సూచికలలో ఒకటి మాత్రమే. గూగుల్ చెప్పిన ప్రకారం లెక్క ప్రధానంగా పుటకు పుటగా సాగుతుంది. సైటు మొత్తానికి చెందిన సూచికలు కొన్ని తోడవుతాయి. సైటు పరపతికి నూటికి ఇన్ని మార్కులని వేసి అమ్మే ప్రైవేటు సంస్థల అంకెలు ఆ సంస్థల అంచనాలే గాని, సెర్చ్ ఇంజన్ వాడే మార్కులు కావు.

పరపతి వేరు, సత్యం వేరు

ఊరంతా మెచ్చినవాడు పొరపాటు చెప్పడని హామీ లేదు. లింకుల లెక్క కొలిచేది పేరును, నిజాన్ని కాదు. అందువల్లనే ఆరోగ్యం, ధనం వంటి విషయాలలో మరింత జాగ్రత్త అవసరమని గూగుల్ తన ఫలితాలను పరిశీలించేవారికి మార్గదర్శకాలు ఇచ్చింది. అనుభవం, నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత అనే నాలుగు గుణాలను చూడమని, వాటిలో విశ్వసనీయతే ముఖ్యమని అందులో ఉన్నది. వీటిలో అనుభవాన్ని 2022 డిసెంబరులో చేర్చారు.

ఇంత జాగ్రత్తలోనూ సందులు మిగిలే ఉన్నాయి. బ్యాంకు ఫోను నంబరు కోసం వెతికి, మోసగాళ్ళు వెబ్‌లో పెట్టిన నకిలీ నంబరుకు ఫోను చేసి డబ్బు పోగొట్టుకొన్న ఘటనలు భారతదేశంలో అనేకం. పైగా ఫలితాల పైవరుసలో ప్రకటనలుగా ఉన్నవి పరపతి వల్ల వచ్చినవి కావు, రుసుము చెల్లించి వచ్చినవి. ప్రకటనల రాబడిపై నడిచే సెర్చ్ ఇంజన్ ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని బ్రిన్, పేజ్ 1998లోనే హెచ్చరించారు.

తల్లి మందును గురించి వెతికే కుమారునికి ఇందులో పాఠమున్నది. మొదట కనబడినదానిని నిజమని గాక సిఫారసని భావించాలి. వ్రాసినదెవరు, ఎప్పుడు వ్రాశారు, వారికి అందులో లాభమేమిటి అని అడగాలి. చివరిమాట డాక్టరుదే కావాలి. నంబరు కావాలంటే పాస్‌పుస్తకం మీదనో, బ్యాంకు కార్డు వెనుకనో చూసుకోవాలి.

తెలుగు పుటల మాట

యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటు ఉన్నది. అయినా తొలి సంవత్సరాలలో అనేక తెలుగు పత్రికల సైట్లు తమతమ సొంత ఫాంట్లలో వెలువడ్డాయి. సెర్చ్ ఇంజనుకు అవి తెలుగుగా గాక అర్థంలేని గుర్తులుగా తోచాయి. ఆ అడ్డంకి తొలగినా మరొకటి మిగిలింది. మంచి తెలుగు వ్యాసాన్ని చదివినవారు ఫోనులో బంధువులకు పంపుతారే గాని, తమ సైటులోనో సంఘం సైటులోనో దానికి లింకు ఇచ్చేవారు అరుదు. వాట్సాప్ సందేశంలోని మెప్పు సెర్చ్ ఇంజను చెవిని పడదు.

విదేశాలలోని తెలుగు సంఘాలకు, బడులకు, గ్రంథాలయాలకు సొంత సైట్లు ఉన్నాయి. మంచి వైద్యసలహానో, పాఠ్యపుస్తకాన్నో, నిఘంటువునో చదివి పరీక్షించి, అక్కడినుంచి ఒక్క లింకు ఇస్తే అది ఊరి ఉపాధ్యాయుడు చెప్పిన మంచిమాట వంటిది. విచక్షణ లేకుండా వంద లింకులు ఇస్తే అది పేరయ్య మాట అవుతుంది. మంచి పుటను పదిమందికి కనబడేటట్లు నిలబెట్టే శక్తి కొంత పాఠకుల చేతిలోనే ఉన్నది.